నంబరు పటాల సేటు

ఆయన చనిపోయిన వార్త జిల్లా పేజీలో ఒక మూలన, చిన్న ఫోటోతో వచ్చింది. చిన్న వార్తే గానీ అందులో మూడు తప్పులున్నాయి. ఆయన గొప్ప కళాభిమాని అని రాశారు. భక్తుల ఇళ్ళల్లోని పాత పటాలను ఏటా కార్తీకంలో తన చేతులతో గోదావరిలో కలిపేవాడని రాశారు. ఆయన చేతిమీదుగా పటం పోయిన ఇల్లల్లా చల్లగా ఉందని రాశారు. మొదటిది సగం తప్పు. రెండోది ఒక్క ఏడాదికి నిజం, మిగతా ఏళ్ళకు అబద్ధం. మూడోది అబద్ధమనడానికి మా ఇల్లే సాక్ష్యం.

నేను ప్రింటింగ్‌లో డిప్లొమా చేసినవాణ్ణి. తప్పు కనబడ్డాక దిద్దకుండా పేజీ వదలడం చేతకాదు. పేరు మాత్రం రాయను. తన పేరంటే ఆయనకు ప్రాణం. కట్టిన ప్రతి ఫ్రేము వెనకా తన పేరున్న ఎర్ర స్టిక్కర్ అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ ఒత్తి, చేతిని కాస్త దూరం పెట్టి చూసుకునేవాడు. ఆ సుఖం నా వల్ల ఆయనకు దక్కకూడదు. బోధన్ నుంచి వేల్పూర్ దాకా ఆడవాళ్ళంతా ఆయన్ను పటాల సేటు అనేవాళ్ళు. ఇక్కడా అదే.

దుకాణం నిజామాబాద్‌లో, బస్టాండుకు దగ్గర్లోని ఒక సందులో ఉండేది. ముందు గదిలో అద్దాలు, చెక్క పట్టీలు, సరేసు జిగురు వాసన. వెనక తాళం వేసిన గోదాం. మనిషి సన్నగా, తెల్లగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. కొలబద్ద వాడేవాడు కాదు. జానతో కొలిచేవాడు, తప్పేది కాదు. పటం చేతికిస్తే ముందు చొక్కా అంచుకు అరచేతులు తుడుచుకుని, ఉంగరంతో అద్దం మీద టకటకమని కొట్టి, తల వంచి వినేవాడు. డాక్టరు రోగి వీపు మీద వేళ్ళతో కొట్టి విన్నట్టుండేది. అమ్మడం, కొనడం అనే మాటలు ఆయన నోట రావు. "దేవుణ్ణి అమ్ముతరా అక్కా? సాగదోల్తరు" అనేవాడు, ఆడపిల్లను అత్తగారింటికి పంపుతున్నంత నెమ్మదిగా.

ఆయన సాగదోలే సరుకులో ముఖ్యమైనవి నంబరు పటాలు. మెరిసే కాగితం, కిరీటానికి బంగారు రేకు, కింద కుడివైపు చిత్రకారుడి సంతకం. ఆ సంతకం కూడా అచ్చేసిందే. ఎడమవైపు పెన్సిల్‌తో ఒక నంబరు. వెనక ముద్ర వేసిన కాగితం: ఈ చిత్రం ఐదువందల ప్రతులు మాత్రమే తీశారు, ఆపైన అచ్చు పలకను పగలగొట్టారు, ఏళ్ళు గడిచేకొద్దీ దీని విలువ పెరుగుతుంది. చెరకు బిల్లులు వచ్చే నెలల్లో బోధన్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇవి బాగా పోయేవి. పెద్ద పట్నాల్లో ఇలాంటి నంబరు వేస్తే కొనేవాడు అది ఎన్నో ప్రతి అని చూస్తాడట. మావాళ్ళు దాన్ని బండి నంబరు అనుకున్నారు. తమకు అచ్చొచ్చే నంబరు కావాలని అడిగారు. సేటు ఒక్కరినీ నిరాశపరచలేదు. చెవి మీది పెన్సిల్ తీసి, "నీకే నంబరు అచ్చొస్తదక్కా?" అని అడిగి, అక్కడికక్కడ రాసిచ్చేవాడు. తొమ్మిది అంటే అందరికీ ఇష్టం. తొమ్మిదో ప్రతి మా వాడలోనే నాలుగిళ్ళలో వేలాడుతుండేది. ఎవరికీ అనుమానం రాలేదు. పైగా ఒకరి ఇంట్లో ఒకరు చూసి, "మీది గూడ తొమ్మిదేనా?" అని సంబరపడేవాళ్ళు.

మా ఇంటికి తొమ్మిదో నంబరు లక్ష్మి వచ్చిన సంగతి చెప్పాలంటే, దానికి ముందు ఆ గోడకున్న లక్ష్మి గురించి చెప్పాలి.

అది మా అవ్వది. అవ్వ అంటే బాపును కన్న తల్లి. బోధన్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని బతుకంతా బీడీలు చుట్టింది. పెళ్ళప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పటం అది. పాతకాలపు రాతి అచ్చు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి చెక్కి, ఒకే కాగితాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా అన్నిటి మీదా అద్ది తీసేవాళ్ళు. ఆ కాలంలో ఆడవాళ్ళు ఇలాంటి పటాలకు గుడ్డ కుట్టేవాళ్ళు. అవ్వ కూడా తన పెళ్ళి రవికెలోంచి నీలం పట్టుముక్క కత్తిరించి లక్ష్మికి చీర చేసింది. అంచుకు చమ్కీలు, మెడలో పూసలు. కాగితం చిరగకుండా ముందు సూదితో బెజ్జాలు పొడుచుకుని, వాటిలోంచి దారం తీసింది. పట్టుదారం సగంలో అయిపోతే మిగతా అంచు బీడీలు కట్టే గులాబీ దారంతో కుట్టింది. ఎడమ భుజం దగ్గర ఆ రంగు మారడం దూరం నుంచే తెలిసేది.

నేను డిప్లొమాలో చేరిన ఏడాది, దసరాకు ముందు సేటు మా వాడకొచ్చాడు. పాత పటాలున్న ఇళ్ళకు తనే వచ్చి, ఉచితంగా అద్దం తుడిచి వెళ్ళడం ఆయన అలవాటు. అవ్వ పటాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తుడిచాడు. దసరా దాటకముందే అద్దం చిట్లింది. మా దగ్గర చిట్లిన అద్దంతో దేవుణ్ణి ఇంట్లో ఉంచరు. పసుపు బియ్యం వేసి, "పోయి రా తల్లీ" అని సాగనంపి నీళ్ళలో కలపాలి. కలిపే పని సేటుది. ఆయన వచ్చి, చెప్పులు విప్పి, తలమీద తువ్వాలు వేసుకుని, పటాన్ని నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా ఎర్రటి ఎండలో నడిచాడు. వాడలోని ఆడవాళ్ళు వెనకాలే నడిచి కళ్ళు తుడుచుకున్నారు. మరుసటి వారం గోడకు కొత్త నంబరు పటం వచ్చింది.

ఆ అద్దం తన చేతుల వల్లే చిట్లిందని అవ్వ నమ్మింది. "పొగాకు చేతులతోటి ముట్టిన బిడ్డా. తల్లికి ఆ వాసన పడలె" అనేది. ఆనాటి నుంచి శుక్రవారం ఒక్కపొద్దు పట్టింది. పండుగ అయినా, జ్వరం వచ్చినా శుక్రవారం పగలు మెతుకు ముట్టేది కాదు. ఒకసారి కళ్ళు తిరిగి బీడీల చాట మీదికే ఒరిగిపోయింది. బాపు ఎంత బతిమాలినా మానలేదు. పటం ముందు నిలబడే ముందు చేతులు కుంకుడురసంతో కడిగి, మూతి దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకునేది. ఇలా కొన్నేళ్ళు.

చదువు పూర్తయ్యాక జేబులో భూతద్దం వేసుకుని నేను సేటు దుకాణానికి వెళ్ళాను. అప్పటికి నాకు తెలిసింది నంబర్ల మోసం ఒక్కటే. దుకాణంలో నలుగురైదుగురు గిరాకీలున్నారు.

"సేటూ, మా ఇంట్ల తొమ్మిదో నంబరున్నది. మా పక్కింట్ల తొమ్మిదే. చందూర్‌ల మా మేనత్తింట్ల గూడ తొమ్మిదే. ఐదువందలల్ల తొమ్మిదోది ఒక్కటే ఉండాలె గద?"

సేటు తలెత్తకుండా అన్నాడు. "మరి మీ మేనత్తకు ఏం రాసియ్యమంటవ్ ఇంజనీరూ? పదమూడా?"

అందరూ నవ్వారు. పక్కనున్న వేల్పూర్ ఆవిడ కంగారుపడింది. "అగో, నాకు తొమ్మిదే గావాలె సేటూ! గీ పిలగాడు లొల్లివెట్టి నా నంబరు మార్పిచ్చేటట్టున్నడు."

నేను భూతద్దం ఆవిడ చేతికిచ్చాను. "గీ అద్దంలకెళ్ళి ఆ పటం సూడక్కా. అన్ని చుక్కలే. యంత్రం మీద ఎన్ని గావాల్నంటే అన్ని కొడుతరు. గిది దొరకని వస్తువేం గాదు."

ఆవిడ చూసింది. "అవ్వో! లక్ష్మమ్మ మొఖం నిండ గిన్ని మచ్చలేంది?"

"దేవున్ని దూరంకెళ్ళి మొక్కాలె అక్కా" అన్నాడు సేటు. "గంత దగ్గరికెళ్ళి సూస్తే ఎవ్వలైన గట్లనే ఉంటరు. మీ ఆయన్ని ఎన్నడన్న భూతద్దం వెట్టి సూసినవా?"

దుకాణమంతా నవ్వింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వి, తొమ్మిదో నంబరు రాయించుకుంది. నాకు చెవులు వేడెక్కాయి. వెళ్ళిపోవలసినవాణ్ణి. కానీ అప్పుడే సేటు ఒక అద్దం కోయడం మొదలుపెట్టాడు. చిన్న చక్రం ఉన్న కత్తితో మూల నుంచి మూలకు ఒక సన్నని గీత గీశాడు. గీత కంటికి ఆనలేదు. దాని మీద ఉంగరంతో మెల్లగా కొట్టాడు. అద్దం గీత వెంబడి, చక్కగా, రెండుగా విడిపోయింది.

దెబ్బ తగిలి పగిలిన అద్దంలో పగుళ్ళు సాలెగూడులా పరుచుకుంటాయి. అవ్వ పటం అద్దం మూల నుంచి మూలకు దారం పట్టినంత నేరుగా చిట్లింది. సేటు ఒళ్ళో పెట్టుకుని తుడిచిన రోజే గీత పడి, విడిపోవడానికి ఎండకో చలికో ఆగింది. ఎందుకు చేశాడో అప్పటికి తెలియలేదు. ఎవరు చేశారో మాత్రం తెలిసింది.

ఎందుకో ఆ మరుసటి ఏడాది తెలిసింది. హైదరాబాద్‌లో నేను పనిచేసే ప్రెస్సుకు ఒక కేటలాగు వచ్చింది. పాత రాతి అచ్చులు సేకరించే ధనికుల కోసం, కొత్త సంవత్సరంలో జరగబోయే అమ్మకానికి. ప్రూఫు దిద్దుతుంటే ఒక పేజీలో అవ్వ లక్ష్మి కనబడింది. నీలం చీర, చమ్కీలు, ఎడమ భుజం దగ్గర గులాబీ దారం. కింద ఇంగ్లీషులో వివరం: ఏదో సంస్థానపు అంతఃపురంలో రాణివాసపు స్త్రీలు చేసిన అలంకరణ, ఇలాంటిది మరొకటి లేదు, ప్రస్తుతం నిజామాబాద్‌లోని ఒక సేకరణకర్త దగ్గరుంది. అరుగు మీద బీడీలు చుట్టే మా అవ్వ రాణివాసానికి చేరింది. ఆ పేజీలో నేను ఒక్క అక్షరమూ దిద్దలేదు.

ఏం చేయవచ్చో ఆ పూటే ఒక్కొక్కటిగా ఆలోచించాను. పోలీసుల దగ్గరికి వెళితే, అవ్వే తన చేతులతో ఇచ్చింది కదా అంటారు. పత్రికలవాళ్ళకు ఆయన ధర్మాత్ముడు. కొనేవాళ్ళకు చెబితే కథ పెరిగి ధర పెరుగుతుంది. వెనక్కి తెచ్చుకుందామంటే, పోయి రమ్మని సాగనంపిన దేవతను మళ్ళీ గడప దాటించకూడదు. మిగిలింది ఒకటే. ఆయన ఇచ్చిన మాటను ఆయన చేతనే నిలబెట్టించాలి. అదే ఆయనకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి అని కూడా లెక్క కట్టుకున్నాను. అప్పటికి కార్తీకం నడుస్తోంది.

బోధన్ వెళ్ళి అరుగు మీద అవ్వ పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నీ లక్ష్మి గోదాట్ల కలువలేదు. సేటు గోదాంల ఉన్నది."

అవ్వ చేతిలోని బీడీకి ముడి వేసి, దారం తెంపి, చాటలో పెట్టింది. "ఇంట్లకెళ్ళి పోయి రమ్మంటి. నీళ్ళల్ల చేరలేదా? ఇన్నేండ్లు ఎటూ గాకుంట నిలవెట్టిండా తల్లిని?"

అద్దం సంగతి కూడా చెప్పాను. చక్రం ఎలా గీస్తుందో, గీత ఎలా ఆగి చిట్లుతుందో, రెండుసార్లు చెప్పాను. ఆమె రెండు అరచేతులూ మూతి దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది.

"నా చేతులు గావా?"

"గావు అవ్వా."

చేతులు దించి బీడీల చాట పక్కకు జరిపింది. తర్వాత, "రేపు శుక్రవారం" అంది. "పొద్దుగాల అన్నం తిని పోదాం."

మరునాడు తిన్నది. పచ్చిపులుసు పోసుకుని, రెండోసారి వడ్డించుకుని తిన్నది. తర్వాత వాడలో పటాలిచ్చిన ఆడవాళ్ళందరినీ పిలిచి, చెరకు తోలే ట్రాక్టరు ఒకటి మాట్లాడించి, అందరం నిజామాబాద్ వచ్చాం. దుకాణం ముందు దిగుతున్న మమ్మల్ని చూసి సేటు లేచి నిలబడ్డాడు.

"బిడ్డా" అంది అవ్వ, "ఒక్కనివి ఎన్ని పటాలు మోస్తవ్? ఈయేడు మేం గూడ కందకుర్తి గోదారి దాక వస్తం."

"అయ్యో, పోయిన వారమే కలిపొచ్చిన అవ్వా."

"అట్లనా? మంచిగైంది. అయితే ఖాళీ గోదామే గద. ఓ మాటు తలుపు తియ్యి. మా తల్లి నిద్ర జేసి పోయిన జాగ, దండం వెట్టుకొని పోత."

సేటు నవ్వబోయాడు. తాళంచెవి ఇంటి దగ్గరుందన్నాడు. అవ్వ గోదాం గడప ముందు కూర్చుని, "తెప్పియ్యి, కూసుంటం" అంది. ఆమె వెనక మిగతావాళ్ళు కూర్చుని పాట ఎత్తుకున్నారు. సందులో జనం పోగయ్యారు. దారినపోయే మగవాళ్ళు కూడా చెప్పులు విడిచి నిలబడ్డారు. అంతమంది భక్తుల ముందు ఆయన జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీయవలసి వచ్చింది.

లోపల చూసింది దాచను. పటాలన్నీ ఫ్రేముల్లోంచి తీసి, మధ్యమధ్య పలుచని కాగితం వేసి, బల్లల మీద పరుపుగా పేర్చి ఉన్నాయి. మూలల్లో కలరా ఉండలు. కిటికీకి నల్ల గుడ్డ. ఏ లైబ్రరీలోనూ అంత జాగ్రత్త నేను చూడలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమవి గుర్తుపట్టారు. "అగో, మా అత్త రాములవారు!" "ఇగో మా సరస్వతి, వీణకు నేను పెట్టిన పూస!" అరుపులు పెరిగాయి.

"మూర్తం కోసం ఆపిన అక్కా" అన్నాడు సేటు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇయ్యాల్నే మూర్తం" అంది అవ్వ.

అప్పుడు ఆయన నన్ను చెయ్యి పట్టుకుని పట్టీల చాటుకు లాగాడు. మొదటిసారి ఇంజనీరూ అనలేదు.

"తమ్మీ, వాళ్ళకు తెల్వదు. నువ్వు సదివినోనివి. రాయి మీద అద్దిన బొమ్మలివి. ఆ రాళ్ళు లేవు, ఆ చేతులు లేవు. మల్ల పుట్టయ్ గివి. నీళ్ళల్ల వడేస్తరా? నీకు తెలుసు గద తమ్మీ గివేందో?"

నిజమే. ఆ ఊళ్ళో ఆ మాట ఆయన చెప్పుకోగలిగింది నాకొక్కడికే.

"తెలుసు సేటూ" అన్నాను. "తెలుసు కాబట్టే."

ఆ జవాబును తర్వాత చాలాసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. మార్చవలసింది ఏమీ కనబడలేదు. ఆయన ఆ తర్వాత కూడా నంబరు పటాలు ఇస్తూనే ఉన్నాడు, జనం తీసుకుంటూనే ఉన్నారు. దానికి నా దగ్గర మందు లేదు. మా అవ్వ కూడా తొమ్మిదో నంబరును గోడ మీంచి దించలేదు. మొక్కిన దేవతకు నంబరుతో ఏం పని అంది.

కందకుర్తిలో మంజీర గోదావరిలో కలిసేచోట ట్రాక్టరు ఆపాం. అక్కడ నీళ్ళు నిదానంగా ఉంటాయి. సేటును చెప్పులు విప్పమన్నారు, తలమీద తువ్వాలు వేసుకోమన్నారు. ఆయన కట్టలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచి, మోకాళ్ళ లోతులో నిలబడ్డాడు. ఆడవాళ్ళు వరుసగా దిగి, ఎవరి పటం వాళ్ళు పసుపు బియ్యం చల్లి ఆయన చేతికిచ్చారు. ఆయన వదలాలి. "పోయి రా" అనాలి.

నేను నీళ్ళను చూడలేదు, ఆయన ముఖాన్ని చూశాను. అందుకే వచ్చాను. ఒక్కోటి వదిలినప్పుడల్లా ఆయన పెదాల కింద ఏదో గొణిగాడు. దగ్గరికి వెళ్ళి విన్నాను. ఏ పటం ఎన్ని రాళ్ళ మీద అద్దిందో చెబుతున్నాడు. రాములవారి పట్టాభిషేకానికి, "పన్నెండు రాళ్ళు." సరస్వతికి, "పది రాళ్ళు." బాలకృష్ణుడికి, "పద్నాలుగు." ఒక్కటీ కాగితం చూసి చెప్పలేదు. నేను ఆయన మీద జాలిపడతానేమో అని ఆగి చూసుకున్నాను. పడలేదు. శుక్రవారాలు గుర్తొచ్చాయి.

ఆఖరున అవ్వ తన లక్ష్మిని ఇచ్చింది. సేటు దాన్ని రెండు చేతులా పట్టుకుని రొమ్ముకు ఆనించుకున్నాడు.

"అవ్వా, నీ కాళ్ళు మొక్కుత. గిదొక్కటి ఉండనియ్యి. గిసొంటిది దేశం మొత్తంల ఇంకోటి లేదు."

ఎన్ని వందల పటాలకు ఆ మాట చెప్పాడో. ఈ ఒక్కదాని విషయంలో నిజం చెప్పాడు.

"నాకు తెల్వదా బిడ్డా?" అంది అవ్వ. "కుట్టింది నేనే గద."

ఆయన చేతులు వదులయ్యాయి. ఈసారి నేనూ నీళ్ళను చూశాను. పట్టుగుడ్డ కింద గాలి చిక్కుకుని లక్ష్మి కాసేపు తేలింది. తర్వాత కాగితం బరువెక్కి ఒక పక్కకు ఒరిగి మునిగింది. నూనె రంగులు నీటికి చెదరవు. దిగుతూ ఉన్నంతసేపూ నీళ్ళ కింద ఎరుపు ఎరుపుగానే, నీలం నీలంగానే కనబడ్డాయి. ఆడవాళ్ళంతా చేతులు జోడించి "పోయి రా తల్లీ" అన్నారు. సేటు అనలేదు. అవ్వ ఆయన వైపు తిరిగి నిలబడింది.

ఆయన అనేదాకా మాలో ఎవరమూ ఒడ్డుకు కదలలేదు.